కార్డులో లేని సత్తమ్మ

సత్తమ్మ పాట ఉండాల్సిన మెమరీ కార్డులో ఆ సోమవారం పొద్దున సత్తమ్మ లేదు. ఆమె చోట ఎవరెవరో పాడిన పాత సినిమా పాటలు బారులు తీరి కూర్చున్నాయి.

శేరిగూడలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఏసీ హోరుమని వీస్తోంది. అయినా సింధూర మెడ వెనక చెమట పట్టింది.

"ఇది మన కార్డు కాదురా," అంది.

"మనదే," అన్నాడు రమేశ్. కెమెరా అతనిదే, ఎడిటింగూ అతనిదే. "గీ మూలకు మా చెల్లె గోళ్లరంగు చుక్క వెట్టిన గద, సూడు."

ఎర్రటి చుక్క ఉంది. పాటే లేదు.

"కాపీ ఎక్కడుంది?"

కాపీ లేదు. గుమ్మడికాయ కొట్టకముందు షూటింగ్ చేసింది ముట్టుకుంటే దిష్టి తగులుతుందని రమేశ్‌కి గట్టి నమ్మకం. పెద్ద సినిమాలవాళ్లు ఆఖరి రోజు గుమ్మడికాయ కొడతారు కాబట్టి తామూ కొట్టాలన్నాడు. నిన్న మధ్యాహ్నం కొంగరకలాన్‌లో కొట్టారు కూడా. శనివారం నిండిన కార్డు అంతవరకూ కెమెరా సంచి జేబులోనే ఉండిపోయింది.

అది 2018 మార్చి. గురువారం సాయంత్రం కాలేజీ వార్షికోత్సవంలో సింధూర తీసిన వీడియో పాట తెర మీద పడాలి. జూన్ నుంచి ఆమె ఆదిభట్లలో సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సు దిగి లోపలికి వెళ్లే వందలమందిలో ఒకతె. ఉద్యోగం వచ్చిందని వాళ్లమ్మ వేదవతి వనస్థలిపురంలో వీధంతా లడ్డూలు పంచింది. "ఇంక ఆ కెమెరా పిచ్చి కట్టిపెట్టు తల్లీ," అని లడ్డూ పెడుతూనే చెప్పింది. ఏడో తరగతి నుంచి సినిమా తీస్తానని కలవరించిన పిల్లకి మిగిలింది ఈ నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాలకూ ప్రాణం సత్తమ్మ గొంతు.

సత్తమ్మ రమేశ్‌కి పెద్దమ్మ. ఒకప్పుడు కొంగరకలాన్‌లో నాట్లు పడ్డాయంటే ముందు పాట ఎత్తుకునేది ఆమేనట. మిగతా ఆడవాళ్లు అందుకునేవారట. వాళ్ల పొలం ప్లాట్లయిపోయిన దగ్గర్నుంచి ఆమె పాడలేదు. సింధూర నెలరోజులు ఆమె చుట్టూ తిరిగింది. ఆఖరికి ఆమె ఒప్పుకుంటూ రెండు షరతులు పెట్టింది.

"ఒక్కపారే పాడుత. మల్ల పాడుమంటే పాడ. ఇంకోటి, మా ఆయన గీ దగ్గర ఉండొద్దు."

శనివారం సాయంత్రపుటెండలో, సున్నం కొట్టిన హద్దురాళ్ల మధ్య, తన మడి ఉండిన చోట ఆమె నిలబడింది. ఆమె భర్త మల్లేశయ్య ఆ వెంచర్‌కే ఇప్పుడు వాచ్‌మన్. రమేశ్ వెళ్లి చెప్పగానే మారుమాట లేకుండా లేచి, దూరంగా రోడ్డు పక్కన హోర్డింగ్ కింద నిలబడ్డాడు. గాలి ఇటు నుంచి అటు కొడుతోంది. సత్తమ్మ ఎత్తుకుంది:

*నడుమొంచి నాటేస్తి నడిమి మడిలోన*
*నా పాట నీళ్లల్ల నానెనమ్మా*
*గట్టు మీద నిలవడి ఇన్నవాడా*
*గట్టేది పాటేది అడుగవేమయ్యా*

ఆ గొంతులో తీపి లేదు. ఎండిన చెరువులో చెలిమ తవ్వితే ఊరే నీటిలా ఎక్కడో అడుగు నుంచి వచ్చింది. సింధూర 'కట్' చెప్పడం మరిచిపోయింది. పాట అయ్యాక సత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఏమీ జరగనట్టు ఇంటికి నడిచింది.

"సాఫ్ట్‌వేర్ పెట్టి లాగుత, జర ఆగు," అన్నాడు రమేశ్ ల్యాబులో. చాలాసేపు లాగాడు. చివరికి ముక్కచెక్కలైన ఒక్క షాటు బయటపడింది. ఆకుపచ్చ గళ్లు గళ్లుగా చెదిరిన తెర మీద సత్తమ్మ నోరు కదులుతోంది. చప్పుడు లేదు. సింధూర ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి నొక్కుకుంది. ఏమీ లేదు. ఆ పెదవులు అంత దగ్గరగా కదులుతుంటే, సాగనంపడానికి వచ్చిన మనిషి బస్సు అద్దం అవతల నిలబడి ఏదో చెబుతున్నట్టనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే నాని లోపలికొచ్చాడు. వీడియోలో హీరో అతనే. అతని స్టెప్పులు సగానికి సగం తగ్గించి సత్తమ్మకి చోటిచ్చినందుకు వారం రోజులుగా మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు.

సింధూర గిర్రున తిరిగింది. "నానీ! కార్డేం చేశావ్?"

"ఏ కార్డు?"

"నటించకు. పెద్దావిడ పాట లేపేస్తే నాకు రెండు నిమిషాలు కలిసొస్తుందన్నావా లేదా?"

"అన్నాను. జోకే తల్లీ!" నాని మొహం ఎర్రబడింది. "కెమెరా ముందు ఏడవమంటే నాకు ఏడుపు రాదంటావుగా, ఇప్పుడు చూసుకో, ఒరిజినల్‌గా వస్తోంది." తెర మీదకి వంగాడు. "అయినా నేను పాడుచేస్తే ఈ పాటలెందుకు ఎక్కిస్తానే? అన్నీ మా తాత పెళ్లినాటివి. ఆ ఫోల్డర్ పేరు చూశారా అసలు?"

ఎవరూ చూడలేదు. పాటలన్నీ ఉన్న ఫోల్డర్ పేరు కిష్టా మొబైల్స్.

రమేశ్ లేచి నిలబడ్డాడు. "ఇబ్రహీంపట్నం బస్టాండ్ ఎదురుంగ ఉంటది. ఫోన్లల్ల పాటలు ఎక్కిస్తడు."

"సారీ నానీ," అంది సింధూర సంచి అందుకుంటూ.

"సారీ ఎందుకు, రెండు స్టెప్పులు వెనక్కివ్వు చాలు," అని వాళ్ల వెనకే అరిచాడు నాని.

బండి మీద వెళుతున్నంతసేపూ సింధూర లెక్క కట్టుకుంటూనే ఉంది. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దున వరకు కెమెరా సంచి ఎక్కడుంది? సత్తమ్మ ఇంట్లో. మర్నాడు మళ్లీ అక్కడే షూటింగ్ కాబట్టి మోయడమెందుకని రమేశే దిగబెట్టాడు. ఆ సంగతి రమేశ్‌కీ తట్టినట్టుంది. బండి వేగం పెంచాడు.

కిష్టా తన గాజు బల్ల వెనక కూర్చుని, ఫోను విప్పి టూత్‌బ్రష్‌తో దుమ్ము దులుపుతున్నాడు. ఎర్రచుక్క కార్డు చూడగానే గుర్తుపట్టాడు.

"అవ్, నేనే ఎక్కించిన. ఏమైంది, పాటలు మంచిగ లేవా?"

"దీంట్లో మా షూటింగ్ ఉండాలి," అంది సింధూర. "నువ్వు తీసేశావా?"

"ఓ అక్కా, నా మీదికి రాకు. నా దగ్గరికి వచ్చేసరికే ఉట్టి కార్డు. గీకిన పళ్లెం తీర్గ ఉండె."

"ఎవరు తెచ్చారు?"

"ఒక పెద్దమనిషి. మొన్న శనివారం, దుకాణం మూద్దామనుకుంటున్న. బటన్ల ఫోనుండె చేతుల. 'ఇండ్ల పాట ఉన్నది, వస్తలేదు, జర తియ్యి' అన్నడు. ఏ పాట అంటే నాటు పాటన్నడు. ఆడమనిషి గొంతు, డప్పు లేదు గిప్పు లేదు, ఉట్టి గొంతు. గట్లాంటిది నా దగ్గర లేదే పెద్దాయనా అన్న. కార్డు ఖాళీ ఉన్నదన్న." కిష్టా బ్రష్ పక్కన పెట్టాడు. "అగో, గాడ నిలవడ్డడు, నువ్వు నిలవడ్డ కాడనే. ఎంతసేపటికి పోతలేడు. నాకే పాపమనిపించి, ఇగో ఇవి వినుపో అని ఉన్నయన్ని ఎక్కించి ఇచ్చిన. వద్దనలే, తీస్కున్నడు. వినేటట్టు మాత్రం కనవడలే."

రమేశ్ కార్డుని పిడికిట్లో బిగించాడు. "పెద్దబాపు," అన్నాడు గొంతులోనే.

సింధూరకి శనివారం కళ్ల ముందు కదిలింది. పాట అయిపోయాక మల్లేశయ్య హోర్డింగ్ కింద నుంచి మెల్లగా నడిచొచ్చి, కెమెరా సర్దుతున్న రమేశ్‌ని అడిగాడు. "ఏం రా, మీ పెద్దమ్మ గొంతు ఏడికి వోయింది ఇప్పుడు?" రమేశ్ నవ్వి, తొడుగులాంటి పెద్ద కార్డులోంచి చిన్న కార్డు జారవిడిచి అరచేతిలో పెట్టి చూపించాడు. "మొత్తం గిండ్లనే ఉన్నది పెద్దబాపు." మల్లేశయ్య ఆ గోరంత ముక్కని చాలాసేపు చూశాడు. అప్పుడు ఆ చూపు ఎవరికీ పట్టలేదు.

కొంగరకలాన్ చేరేసరికి సింధూర మనసులో కోపం సలసల కాగుతోంది. ఎంత పెద్దమనిషైనా సరే, నా పాట ఎందుకు పాడుచేశావని నిలదీయాలి. సత్తమ్మని ఇంకోసారి అడిగే దారి కూడా లేదు. ఒక్కసారే అని మాటిచ్చింది తనే.

మల్లేశయ్య ఇంటి ముందు అరుగు మీద, వాచ్‌మన్ చొక్కాతోనే కూర్చుని ఉన్నాడు. పక్కన బటన్ల ఫోను. ఇద్దరినీ చూసి లేవబోయి, రమేశ్ పిడికిలి చూసి ఆగిపోయాడు.

"కిష్టా షాపుకెళ్లొచ్చాం పెద్దనాన్నా," అంది సింధూర. నిలదీద్దామనుకున్న గొంతు ఎందుకో అంతకంటే పైకి లేవలేదు.

మల్లేశయ్య భుజం మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతని వెనక గడపలో సత్తమ్మ కనిపించింది. చేతిలో చాట, చాటలో సగం ఏరిన బియ్యం. సింధూర ఏదో అనబోతే సత్తమ్మ వద్దన్నట్టు తలూపి, గుమ్మానికి ఆనుకుని అక్కడే నిలబడిపోయింది. మల్లేశయ్య వెనక్కి తిరగలేదు. రమేశ్ చెయ్యి అలవాటుగా ఫోన్ మీదికి, రికార్డు మీట మీదికి పోయింది. సింధూర ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

మల్లేశయ్య గొంతు సవరించుకున్నాడు.

"నేనే తీసిన బిడ్డా. దొంగతనమే, ఇంకో పేరు లేదు. మీరు సంచి వెట్టి పోంగనే తీసిన. ఒక్కపారి విని మల్ల అండ్లనే వెడ్దామనుకున్న. కిష్టా నా ఫోన్ల కార్డు ఎట్ల వెడ్తడో చూసిన గద, గట్లనే వెట్టిన. ఏందో ఇంగ్లీషుల అడిగింది. నాకేమొస్తది? ఎప్పుడు ఏమడిగినా నడిమి బటన్ ఒత్తుత, పని అయితది. గట్లనే ఒత్తిన. గంతే, ఇగ ఏం లేదు. మీ మొఖాలు చూసి చెప్పాలంటే సిగ్గు గొట్టింది, సప్పుడు జెయ్యక వెట్టేసిన.

"ఎందుకు తీసినవంటే ఏం చెప్పాలె? పెండ్లికి ముందు ఆమె మొఖం నేను సూడలే. గొంతే విన్న. అవతలి ఊరోళ్ల మడి కాడ నాట్లేస్తుంటే, ఎడ్లు తోలుకపోతున్నోన్ని గట్టు మీద నిలవడ్డ. ఎడ్లు ఇంటికి వోయినయి, నేను వోలే. గా గొంతున్న పిల్లనే చేసుకుంట అని మా బాపుతోని కొట్లాడిన. పెండ్లయినంక గూడ ఏటేట నాట్లప్పుడు గట్టు మీదనే నిలవడేటోన్ని. పని లేదా నీకు అని అందరు నవ్వెటోళ్లు. పొలం అమ్ముదామన్నది నేనే. అందరు అమ్ముతున్నరు, మనమొక్కలం ఏం జేస్తమన్న. ఆమె వద్దన్నది. నేను వేలిముద్ర ఏసొచ్చిన. తిట్టలే బిడ్డా, ఏడ్వలే. ఇయ్యాల్టికి వండి పెడ్తది, జరమొస్తే కాళ్లు పడ్తది. పాటొక్కటి బంద్ వెట్టింది. నీకు పాడుతనన్ననాడు నాకు మస్తు సంబురమైంది. నన్ను దూరం పొమ్మన్నది, పోయిన. ఎనుకటి పాటే ఎత్తుకున్నది, మొదటి ముక్క గాలికి జర వినవడ్డది. రెండో ముక్కకు రాగం మారింది. గది నేనెన్నడు వినలే, కొత్తగ కట్టినట్టుంది. గాలి తిరిగింది, మాటలు అందలే. గా మాటల కోసమే తీసిన. నీ పాట నాశనం జేసిన, ఏం శిక్షేస్తవో వెయ్యి. గని ఆమెకు మాత్రం చెప్పకు. నువ్వు దగ్గరుండి విన్నవ్ గద బిడ్డా... జర చెప్పు, గా రెండో ముక్కల ఏమన్నది?"