డిక్కీ కూడా తెరుచుకోలేదు

ఏటి గట్టు తెగిందని రేడియోలో వినగానే మేమిద్దరం ఇల్లు విడిచి బయలుదేరాము. మెట్ట మీది పట్టణం చేరడానికి సరిపడే పెట్రోలు కారులో లేదు. బంకు వద్ద ఆగేసరికి మా వెనుక కల్వర్టు మీదుగా బురదనీరు పారుతున్నది. కారు రేడియోలో వార్తలు ఆగకూడదని తాళంచెవిని కారులోనే ఉంచి, నా భార్యను వింటూ ఉండమని చెప్పి దిగాను.

ట్యాంకు మూతపై ఉండే చిన్న తలుపు వేలితో నొక్కితే తెరుచుకోవాలి. నొక్కాను. కదలలేదు. అరచేతితో మోదాను.

"తొందరగా సార్. కరెంటు ఏ నిమిషానైనా తీసేస్తారట. తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా చుక్క రాదు," అన్నాడు బంకు మనిషి. "స్క్రూడ్రైవరు ఇమ్మంటారా?"

"పెయింటు పోతుంది."

"ఇక్కడే ఉంటే కారే పోతుంది పెద్దాయనా," అన్నారెవరో వెనుక వరుసలో నుండి.

ఎవరూ నవ్వలేదు. స్క్రూడ్రైవరు తీసుకొని సందులో దూర్చాను. అంచు వంగిందే తప్ప తలుపు రాలేదు. లోపల గడియ పట్టి ఉన్నది. ఆ గడియను లాగే తాడు డిక్కీలో ఉంటుందని గుర్తుకు వచ్చి వెనుకకు నడిచాను.

డిక్కీ కూడా తెరుచుకోలేదు.

రెండూ ఒకేసారి చెడిపోవు. కారు తలుపులకు తాళం పడితే ఈ రెండింటికీ పడుతుంది. లోపల ఉన్నది ఒక్కరే. వెళ్ళి అద్దం తట్టాను. ఆమె వేలెడంత దించింది.

"తాళం తియ్యి. దానివల్లే ట్యాంకు తలుపు రావడం లేదు."

"నేను తియ్యనండీ. అవతలి పక్క చూడండి."

అంతవరకు నేను గమనించనే లేదు. చెంప మీద నెత్తుటి చారతో, తడిసి ముద్దయిన మనిషి ఒకడు వెనుక తలుపు పిడి పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"మీరు దిగిన దగ్గర్నుంచీ లాగుతూనే ఉన్నాడు. ఎవరయ్యా అంటే పలకడు. నా గుండె దడదడలాడిపోతోంది."

"నాకు మాత్రం లేదా? కింద చూడు."

పలుచని నీటిపొర నా చెప్పులను తడుపుతున్నది. ఆమె ఒకసారి నీటినీ, ఒకసారి ఆ మనిషినీ చూసింది. వేలు మీట మీద ఆగిపోయింది.

టక్కుమని తాళాలు వీడాయి. నేను నొక్కగానే ట్యాంకు తలుపు తెరుచుకున్నది. ఆ వెంటనే వెనుక తలుపూ తెరుచుకున్నది. ఆ మనిషి ఎక్కి మా సంచుల మధ్య ముడుచుకున్నాడు. చలికి అతని దవడలు కొట్టుకుంటున్నాయి. అతనికి మాట పెగలకపోవడానికి కారణం అదే.

ట్యాంకు సగం నిండకముందే కరెంటు పోయింది.

"అక్కడిదాకా చాలు సార్, కదలండి," అని బంకు మనిషి తన మోటారుసైకిలు వైపు పరుగెత్తాడు.

నేను ఇంజను స్టార్టు చేశాను.

"కాలు లోపలికి తీసుకో నాయనా," అన్నది నా భార్య, వెనుకకు తిరగకుండానే. అతడు తలుపు మూసుకున్న తరువాత మళ్ళీ తాళం వేసింది.