సాయం చేసేవాళ్లు: ఎవరూ లేరు

మా అత్తగారి తల ఆరడానికి రెండు గంటలు పడుతుంది. వాళ్ల చర్చిలో ఆడవాళ్లు జుట్టుకి కత్తెర తగలనివ్వరు. ఆవిడ పేరు ఓర్ఫా, ఎనభై ఒక్కేళ్లొచ్చినా ఇప్పటికీ జుట్టు నడుం దాటుతుంది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన దగ్గర్నుంచి, అంటే ఆరేళ్లుగా, ప్రతి శనివారం ఆ జుట్టు నేనే తడిపి, రుద్ది, పొయ్యి పక్కన కూర్చోబెట్టి ఆరబెట్టి, చిక్కు తీసి, జడ అల్లి, ముడి చుడుతున్నాను. ఆదివారం చర్చిలో "ఓర్ఫా, ఈ వయసులో కూడా జుట్టు ఎంత బాగా చూసుకుంటావమ్మా!" అంటారు. "అంతా దేవుడి దయ" అంటుందావిడ. దేవుడి మీద నాకేం కోపం లేదు గానీ, ఆ మాట విన్నప్పుడల్లా నా వేళ్లు సలుపుతాయి.

వారంలో మిగతా రోజులు నేను వాగు మలుపులో ఉన్న ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. కెంటకీ కొండల్లో మా మూలకి డాక్టరు దొరికే చోటు అదొక్కటే. ప్రభుత్వం పేదవాళ్లకిచ్చే వైద్యం కార్డుకి ఫారాలు నింపడం నా పని. పద్నాలుగేళ్లుగా "పని చేస్తున్నారా?" అని అడుగుతున్నాను. మంచంలో ఉన్న మామని, మతి తప్పిన తల్లిని, నలుగురు పిల్లల్ని చూసుకుని ఆ మధ్యాహ్నమే నా బల్ల ముందు కూలబడ్డ ఆడవాళ్లు "లేదండీ, ఇంట్లోనే" అనేవాళ్లు. "పని లేదు" అని నేను నా చేత్తోనే రాసేదాన్ని. నా కలం ఒక్కసారి కూడా ఆగలేదని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఈ ఏడాది కొత్త నియమం వచ్చింది. కార్డు ఉండాలంటే నెలకి ఎనభై గంటలు పనిచేసినట్టు చూపించాలి. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లకి మినహాయింపు ఉంది గానీ, "నన్ను ఈవిడే చూసుకుంటోంది" అని ఆ రోగే రాసివ్వాలి. ఇంకోపక్క వాషింగ్టన్ నుంచి మా కేంద్రానికి రావలసిన నిధులు ఏడాదికోసారి కాకుండా కొన్నేసి వారాలకి సరిపడా, అవీ వచ్చాకే వచ్చాయని నమ్మాల్సినట్టు వస్తున్నాయి. కార్డులు పోయినవాళ్లు పెరిగేకొద్దీ కార్డుల మీద కేంద్రానికి వచ్చే డబ్బూ తగ్గింది. ముందు పళ్ల డాక్టరు గదికి తాళం పడింది. తర్వాత మా కేంద్రం నడిపే రెనీ నన్ను పిలిచి, నా మొహం చూడకుండా కిటికీ చూస్తూ చెప్పింది.

"లవోనా, నిన్ను తీసెయ్యడానికి నాకు మనసొప్పదు. పూర్తిగా ఉంచుకోడానికి దారి లేదు. వారానికి పదహారు గంటలు చెయ్యి."

అంటే నెలకి అరవై నాలుగు. నాకున్నదీ ఆ పేదవాళ్ల కార్డే. ఊరందరికీ ఎనభై గంటల సంగతి విడమర్చి చెప్పినదాన్ని, నేనే పదహారు గంటలు తక్కువైపోయాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాకు గర్భసంచిలో గడ్డలున్నాయి. నెలలో పది రోజులు రక్తం పోతూనే ఉంటుంది. మా కేంద్రంలో ఐరన్ మాత్రలిస్తారు, ఆపరేషన్ చెయ్యరు కదా. లెక్సింగ్టన్ ఆసుపత్రిలో ఏప్రిల్‌కి తేదీ ఇచ్చారు. అప్పటికే దాన్ని మూడేళ్లు వాయిదా వేశాను. "నువ్వు మంచమెక్కితే అమ్మనెవరు చూస్తారు?" అని మా ఆయన హెర్షెల్ ప్రతిసారీ అడిగేవాడు. జవాబు లేని ప్రశ్నలా అడిగేవాడు, నేనూ జవాబు వెతికేదాన్ని కాదు. ఇప్పుడు కార్డు పోతే ఆపరేషనూ పోతుంది.

అయినా నేను భయపడలేదు. ఓర్ఫా ఉందిగా, మినహాయింపు నాకు రాకపోతే ఇంకెవరికొస్తుంది? రోగి ఫారం నింపేటప్పుడు చూసుకునే మనిషి పక్కన ఉండకూడదు కాబట్టి, హెర్షెల్‌కి ఇచ్చి, చదివి వినిపించి ఆవిడ చెప్పింది రాయమని నేను పనికి వెళ్లిపోయాను.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది, మినహాయింపు లేదని. వెంట ఫారం నకలు. స్నానం: సాయం అక్కర్లేదు. బట్టలు: అక్కర్లేదు. మీకు సాయం చేసేవాళ్లెవరు? దానికెదురుగా హెర్షెల్ వంకర అక్షరాలతో: ఎవరూ లేరు.

ఆ శనివారం జడ అల్లుతూ అడిగాను.

"అత్తమ్మా, ఇలా రాయించారేంటి?"

"ఏం తప్పు రాయించాను? నా పనులు నేను చేసుకుంటాను. ఒకరి ముందు చెయ్యి చాచే రకం కాదు మేము."

"మీకు స్నానం చేయించేదెవరు?"

"నువ్వే."

"బట్టలు తొడిగేదెవరు?"

"నువ్వేగా. ఏంటే ఈ ప్రశ్నలు?"

"మరి ఎవరూ లేరన్నారు?"

ఆవిడ కష్టం మీద మెడ తిప్పి నా వైపు చూసింది. "నువ్వు సాయమెలా అవుతావే? సాయమంటే బయటివాళ్లు చేసేది. నువ్వు లవోనావి."

కోపంగా అనలేదు. ఎగతాళికీ అనలేదు. నీళ్లు తడిగా ఉంటాయన్నట్టు అంది. కళ్లలో కపటమేమైనా కనిపించినా బాగుండేది, పోట్లాడేదాన్ని. మూడు పాయలూ చేతిలోనే ఉండిపోయాయి, ఏ పాయ మీద ఏది వెయ్యాలో మర్చిపోయాను.

మళ్లీ రాసివ్వమంటే, "ఇప్పుడు ఇంకోలా రాస్తే ముందు రాసింది అబద్ధమనేగా? దేవుడి ముందు ఆ పని చెయ్యను" అంది.

హెర్షెల్ టోపీ సర్దుకుంటూ, "పెద్దావిడని ఎందుకు వేధిస్తావ్? తల దువ్వడం కూడా పనేనా? ఆ లెక్కన వాకిట్లో గడ్డి కోసినందుకు గవర్నమెంటు నాకు పతకమివ్వాలి" అన్నాడు. అప్పీలు చేస్తే తేలేసరికి జూన్ దాటుతుంది, ఏప్రిల్ నా కోసం ఆగదు.

సోమవారం రెనీతో చెప్పాను. ఆవిడ నియమాల కాగితం తిరగేసి, "స్వచ్ఛంద సేవ కూడా పని కిందే లెక్క. చర్చి తరఫున ఒంటరి ముసలివాళ్లకి సాయం చెయ్యి, పాస్టరుగారి భార్య సంతకం పెడుతుంది. వాగవతల బ్యూలా లేదూ? పాపం, తల కడిగేవాళ్లు లేరట" అంది.

బ్యూలాదీ అదే చర్చి, అదే కత్తెర తగలని జుట్టు. నాలుగు శనివారాలు, నాలుగేసి గంటలు. నాకు నవ్వొచ్చింది, చాలా రోజులకి గట్టిగా నవ్వాను. వాగుకి ఇవతల తల కడిగితే అది లవోనా, వంతెన దాటి వెళ్లి కడిగితే అది పని. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, కొత్త ఫారం తీసి, "పని చేస్తున్నారా?" అన్నచోట "అవును" అని రాశాను. నా పేరు మీద ఆ మాట ఎంత బాగుందో.

శనివారం పొద్దున్నే రొట్టె కాల్చి, నీళ్లు పొయ్యి మీద పెట్టి, కోటు వేసుకున్నాను. హెర్షెల్ కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఎక్కడికి?"

"పనికి."

"శనివారం పనేంటి?"

చెప్పాను. విని, ముందు నవ్వాడు. తర్వాత నా కోటు బొత్తాలు చూసి నవ్వడం మానేశాడు. లోపల్నించి ఓర్ఫా, భుజాల మీద తువ్వాలు కప్పుకుని సిద్ధంగా కూర్చున్న ఓర్ఫా, "లవోనా, నీళ్లు కాగాయా?" అని కేకేసింది.

"కాగాయి అత్తమ్మా" అన్నాను. హెర్షెల్‌కి దువ్వెన ఇచ్చాను. "సబ్బు కళ్లలో పడితే ఆవిడకి మంట. చిక్కు కొసల్నించి పైకి తియ్యాలి, పైనుంచి లాగకు."

"నేనా? నాకేం చేతనవుతుంది? అమ్మ తల ఎవరు కడుగుతారు, లవోనా?"

"ఎవరూ లేరని నువ్వే రాశావుగా" అన్నాను తలుపు తీస్తూ. "ఈ శనివారం నుంచి ఆ 'ఎవరూ' నువ్వే."