గవరమ్మ మొగుడి పేరు

అండమాన్‌లో ఆదివారం ఫెర్రీ దిగి బాంబూఫ్లాట్ వచ్చినవాళ్ళు ముందు చేపలు కొంటారు, తర్వాత శ్మశానానికెళ్ళి పెద్దల్ని పలకరిస్తారు. అక్కడ ప్రతి సమాధి మీదా ఓ శంఖం ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే లోపలివాళ్ళు అందులోంచి పలుకుతారు. పలికి అడిగేది మాత్రం, ఫెర్రీ టయానికి వచ్చిందా అనే.

సుష్మకి పాత కుటుంబాల కోటాలో నర్సింగ్ సీటు రావాలంటే, నలభై రెండులో జపాన్‌వాళ్ళు రాకముందే తన ముత్తాత ఈ దీవిలో ఉన్నాడని రుజువు కావాలి. రేపే ఆఖరు. తహసీల్ ఆఫీసు గుమాస్తా తిరుమలరావు ఒక చేతిలో చేపల సంచీ, ఇంకో చేతిలో ముప్పై ఒకటో సంవత్సరం జనాభా లెక్కల నకలూ పట్టుకుని సాక్షిగా వచ్చాడు. నకల్లో సుష్మ ముత్తవ్వ గవరమ్మ ఉంది. భర్త పేరు దగ్గర ఖాళీ.

లెక్కలు రాసేవాడు వచ్చిన రోజు మొగుడు చేపల వేటకెళ్ళాడు. గవరమ్మ మొగుడి పేరు నోటితో అంటుందా? సముద్రం వైపు చెయ్యి చూపించింది. అతను సముద్రాన్ని రాసుకోలేక ఖాళీ వదిలేశాడు. ఆ తర్వాత మొగుడు పోయాడు, యుద్ధంలో సమాధి ఎక్కడుందో కూడా తెలీకుండా పోయింది. కొడుకు బతికినన్నాళ్ళూ గవరమ్మ కొడుకే.

"అత్తా, మామ పేరేటి?" అని శంఖం దగ్గర వంగింది సుష్మ నానమ్మ కనకలక్ష్మి.

"సిగ్గులేదేటే, అత్తనడుగుతావా?" అంది శంఖం.

"చచ్చాక కూడా సిగ్గేనా?" నవ్వాడు తిరుమలరావు.

"అంకుల్, మీరు చుప్," అని సుష్మ చున్నీ తీసి సమాధికి అడ్డంగా పట్టుకుంది. "కొత్త కోడలు గుమ్మంలో నిలబడింది. ఆడపడుచుని నేనే. పేరు చెప్తేనే దారి."

శంఖంలో గాజులు గలగలమన్నాయి. చుట్టుపక్కల శంఖాలు కిసుక్కున నవ్వాయి. "చెప్పవే గవరా, పిల్ల చేతులు నొప్పెడతాయి," అందొక ముసలి గొంతు.

చెవిలో చెప్పినంత మెల్లగా, "నూకయ్య," అంది గవరమ్మ.

జెట్టీ దగ్గర ఫెర్రీ కూత సగంలో ఆగినట్టయింది. దూరంగా మొగలి పొదల్లోంచి, నిద్దర్లోంచి లేచినట్టు, ఒక మగ గొంతు.

"ఆఁ. నన్నేనా?"

కనకలక్ష్మి చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. అక్కడికెళ్ళి మొగలి వేళ్ళు తప్పిస్తే నాచు పట్టిన రాయి, దాని పక్కనే శంఖం. రాయి మీద పేరు, వెయ్యిన్ని తొమ్మిదివందల నలభై.

"ఇన్నాళ్ళూ ఎందుకు పలకలేదు తాతా?" చున్నీ పట్టుకునే కేకేసింది సుష్మ.

"పిలిస్తే కదే, పలికేది."

తిరుమలరావు చేపల సంచీ కింద పెట్టాడు. రాయి ఫొటో తీసుకుని, నకలు మోకాలి మీద పరిచి, ఖాళీకి ఎదురుగా అంచున పేరు రాసి సంతకం చేశాడు.

"ఇంక దారి విడవ్వే," అంది గవరమ్మ చున్నీ వెనకనుంచి.

సుష్మ చున్నీ దించింది. గవరమ్మ శంఖాన్ని రెండు చేతులా ఎత్తుకుని, తొణక్కుండా, మొగలి పొదల వైపు నడిచింది.