మున్నూట పన్నెండు గడపలు

మా ఆయన తెల్లచొక్కాకు ఇస్త్రీ చేస్తూ, పక్కనున్న ఆయన కొత్త పుస్తకం ఊరికే తిరగేస్తే నలభై ఏడో పేజీలో హనుమక్క పేరు కనబడింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి చదివాను. 'హనుమక్క, ముప్పై నాలుగేళ్లు, స్వగ్రామం సి.బెళగల్. భర్త చనిపోయాడని బస్తీలో చెప్పుకుంటుంది. వాస్తవానికి అతను జీవించే ఉన్నాడు. కూతుర్ని తీసుకుని పారిపోయి వచ్చింది.'

ఆదోనిలో మా ఆడబిడ్డ సుంకమ్మ ఇంట్లో దిగాం. సాయంత్రం ఆయనకు సన్మానం. హైదరాబాదులో మేముండే నూర్‌బాగ్ బస్తీ గురించి, అక్కడి మనుషుల గురించి రాసిన పుస్తకానికి. ఎమ్మిగనూరులో పుట్టి, రాజధానిలో లెక్చరర్‌గా రిటైరైన తిరుపాల్ గారు మూడేళ్లపాటు మున్నూట పన్నెండు గడపలు ఎక్కి దిగి సేకరించిన నిజాలని అట్ట వెనక అచ్చేశారు.

ఎక్కి దిగింది నేను. మొదట్లో ఆయనే కాగితాలు పట్టుకుని వెళ్లాడు. ఆడవాళ్లు "మొగోళ్లు లేరు" అని తలుపులు వేసుకున్నారు. వారం తిరక్కుండానే "నువ్వు వెళ్లు ఉషా" అన్నాడు. నా పేరు ఉచ్చీరమ్మ. స్టాఫ్‌రూములో ఆ పేరు చెప్పుకోలేనని పెళ్లయిన నెలకే ఉషను చేశాడు. స్నేహితులొస్తే "నీ యాసతో నోరు తెరవకు, టీ ఇచ్చి లోపలికి పో" అనేవాడు. ఆ యాసే నాకు తలుపులు తీయించింది. కౌతాళం పక్క నుంచి వచ్చిన కూలీ ఆడవాళ్లు కన్నడం కలిపి మాట్లాడితే నేనూ కలిపాను. ఆదోని నుంచి వచ్చిన ముస్రత్‌తో చిన్నప్పుడు మా వీధిలో నేర్చిన ఉర్దూ మాట్లాడాను. ఏ ఇళ్ల లైన్లో ఎవరు ఎందుకు ఊరు విడిచారో, నాలుగు గంటలకే లేచి ఎవరు నీళ్లు పట్టి అపార్టుమెంట్లలో వంటకు పోతారో, ఎవరి గదిలో ఎంతమంది పడుకుంటారో, అన్నీ రాసి తెచ్చాను. ముస్రత్ పన్నెండు గంటలు చీరలకు పూసలు కుడుతుంది. ఆమె పేరు ఎదురుగా ఆయన 'గృహిణి' అని రాసుకున్నాడు. అదేమంటే "ఇంట్లో కూర్చుని చేసేదాన్ని వృత్తి అంటారా?" అని నవ్వాడు. ఆ రోజుల్లోనే సుంకమ్మ ఫోన్ చేసి, "మా అన్న ఇంట్లో రాసుకుంటాంటే నువ్వు సందులెంబడి తిరుగుతాండావంట" అంది. నేను తిరిగొచ్చాకే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

నేను మూడోసారి వెళ్లినప్పుడు హనుమక్క చెప్పింది. బియ్యం కడుగుతూ, తల ఎత్తకుండా. "ఆయప్ప సావలేదక్కా. నేనే నోటితో సంపేసినా. మొగుడు సచ్చినాడంటే ఎవురూ ఏమీ అడగరు. ఇడిసొచ్చినానంటే అందరూ అడుగుతారు." జాకెట్టు కొంచెం పైకి జరిపి వీపు మీది దెబ్బల మచ్చలు చూపించింది. ఇంటికొచ్చి అది కూడా ఎందుకు రాశానో. అప్పగించిన పని మిగలకుండా చేయడం అలవాటైపోయింది. కింద గీత గీసి, ఇది వేయొద్దని ఆయనకు చెప్పాను. సరేనన్నాడు.

ఇస్త్రీ ముగించేసరికి ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. పుస్తకం తీసుకెళ్లి ముందు పెట్టాను.

"హనుమక్క సంగతి రాయొద్దన్నా గదా."

"పుస్తకానికి ప్రాణమే అది. పోయిన ఆదివారం పేపర్లో కూడా ఆ అధ్యాయమే వేశారు. చొక్కా అయిందా?"

అయింది. తెచ్చి ఇచ్చాను.

సాయంత్రం హాల్లో నన్ను వేదిక పక్కన, శాలువాలు పెట్టిన పళ్లెం దగ్గర కూర్చోబెట్టారు. ఉపన్యాసాలు అయ్యాక, ప్రశ్నలుంటే అడగమన్నారు. వెనక వరుసలో ఒకతను లేచాడు. చేతిలో మడిచిన పేపరు.

"సార్, హనుమక్క నేను సచ్చినానని సెప్పుకుంటాందంట గదా. ఆ మొగున్ని నేనే."

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

"బిడ్డను సూసి ఐదేండ్లయింది సార్. ఆయమ్మ ఇల్లు యాడొస్తాది?" గొంతు ఎంత మెత్తగా ఉందో. ముందు వరుసలో ఒకావిడ అయ్యో పాపం అంది.

ఆయన మైకులోనే "తప్పకుండా" అని నా వైపు తిరిగాడు. "ఉషా, హనుమక్క ఏ లైన్లో ఉంటుంది?"

లేచి మైకు అందుకున్నాను.

"ఆ పేరు గల మనిషి ఆడ లేదప్పా. ఈయన ఒక్క గడప గూడా తొక్కలేదు. అన్ని ఇండ్లూ తిరిగింది నేను. నాకు తెలీని మనిషి ఆ బస్తీలో ఉండదు. పుస్తకం బాగుండల్లని ఈయన కల్పించి రాసినాడు."

ఆయన నవ్వు ఆగిపోయింది. మైకు కోసం చెయ్యి చాచాడు. "మా ఆవిడకు ఒంట్లో బాగాలేదు" అన్నాడు సభ వైపు చూసి.

"బాగనే ఉండాను. నువ్వు పోయింటే సెప్పు. ఆయమ్మ ఇంటికి ఎట్ల పోవల్ల? తలుపు ఏ రంగు?"

ఆయన బల్ల మీది పుస్తకం తీసి పేజీలు తిరగేశాడు. అందరూ చూస్తున్నారు. అడిగినతను ఆయన్ని, నన్ను మార్చి మార్చి చూసి, పేపరు చంకలో పెట్టుకుని బయటికి పోయాడు. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటే. మిగతాదంతా నిజం కాబట్టి అది నిలబడింది. మూడేళ్ల నా కష్టాన్ని నేనే నలుగురి ముందు కట్టుకథ చేశాను. పుస్తకం మీద నా పేరు ఎటూ లేదు.

శాలువా కప్పారో లేదో చూడలేదు. సంచి తీసుకుని బస్టాండుకు నడిచి, హైదరాబాదు బస్సెక్కి హనుమక్కకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"నమ్మినాడా అక్కా?"

"తెలీదు."

ఫోన్లో వెనక ఆమె కూతురు ఏదో పాఠం గట్టిగా చదువుతోంది.

"నీకు సెప్పకుండా ఉండాల్సింది" అంది.

"అవును" అన్నాను. "సామాన్లు కట్టుకో. తెల్లారేసరికి వస్తా. వేరే పక్క ఇల్లు ఎతుకుదాం."

"ఎంతమందికని సెప్పల్ల అక్కా, ఇల్లుగలోల్లు అడిగితే?"

"ముగ్గురికి. నీకు, బిడ్డకు, నాకు."