కలోయన్ కుర్చీ బరువు

డ్రైలింగ్ వాళ్ల పిల్లలు బడికి వెళ్లరు. బడే వాళ్లింట్లో ఉంది, బేస్‌మెంట్‌లో, పాత పింగ్‌పాంగ్ బల్ల మీద. పొద్దున్నే ఏడుగురూ వ్యానెక్కి చర్చికెళ్లి పూజ చూసుకుని రావడం, ఓట్స్ జావ తాగడం, గిన్నెలు కడగడం, ఆ తర్వాత ఎవరి కుర్చీ వాళ్లు పట్టుకుని పన్నెండు మెట్లు దిగి లాటిన్ పాఠానికి కూర్చోవడం. ఇంట్లో ఉన్నవి మనిషికొక్క కుర్చీ లెక్కనే. మధ్యాహ్నం భోజనానికి అవే పైకి రావాలి, తినగానే కిందికి పోవాలి, సాయంత్రం జపమాలకి మళ్లీ పైకి. కాన్సాస్ మొత్తం మీద ఇన్నిసార్లు ఊరేగే కుర్చీలు ఇంకెక్కడా ఉండవు.

పదేళ్ల డెస్సా మాత్రం రెండు కుర్చీలు మోసేది. ఒకటి తనది. రెండోది ఇంకా ఇంటికి రాని తమ్ముడు కలోయన్‌ది.

కలోయన్‌కి నాలుగేళ్లు. బల్గేరియాలో ఒక అనాథాశ్రమంలో ఉన్నాడు. వాణ్ని దత్తత తీసుకుంటామని సంతకాలు పెట్టిన వారం నాన్న గెరార్డ్ ఓక్ చెక్కతో చిన్న కుర్చీ చేసి బల్ల దగ్గర వేశాడు. తెల్లారేసరికి దానికి పిల్లాడి బరువొచ్చింది. దూరదేశం పిల్లల్ని తెచ్చుకునే ఇళ్లలో కుర్చీకి బరువు రావడం మామూలే కనుక ఎవరూ వింతపడలేదు. నాన్న దాన్ని దాణా తూచే కాటా మీద పెట్టి, చెక్క బరువు తీసేసి, ముప్పై ఒక్క పౌండ్లు, కాగితాల్లో రాసింది కూడా ఇంతే అన్నాడు. ఆదివారం ఇంటికొచ్చిన ముసలమ్మలు వరసగా కుర్చీ ఎత్తి చూసి, పిల్లాడు గట్టివాడే అని మెచ్చుకుని, కాఫీ తాగి వెళ్లారు.

తూచడం ఆ ఒక్కసారే. ఆ తర్వాత అమ్మ రోజ్‌మేరీ ఫ్రిజ్ మీది పనుల పట్టికలో కలోయన్ కుర్చీని డెస్సా పేరు పక్కన రాసేసింది. వాడు కూడా పాఠాలు వినాలి కదా తల్లీ అంది.

డెస్సాకి ఒళ్లు మండింది. మిగతా నలుగురూ ఆ ఇంట్లో పుట్టినవాళ్లు. తనొక్కతే విమానంలో వచ్చింది, అదీ బల్గేరియా నుంచే, మూడేళ్లప్పుడు. ఇంట్లో పుట్టడం ఎవరైనా పుడతారు, అందులో ఏముంది? వెతుక్కుంటూ వెళ్లి తెచ్చుకున్న పిల్ల తనే. ఏటా సెప్టెంబరు పద్నాలుగున, తనొచ్చిన రోజని, చెర్రీ కేకు చేసేవాళ్లు. ఆ గొప్పని ఇప్పుడు ముక్కు కారే బుడ్డోడొకడు పంచుకోబోతున్నాడు.

పంచుకోవడం ఏమిటి, ఈ ఏడు అసలు కేకే లేదు. దత్తత ఆఫీసుకిచ్చిన వేలిముద్రలకి గడువు తీరిందట. మళ్లీ ఇవ్వబోతే అమ్మవి పడలేదు. ఇరవై ఏళ్లుగా ఇంటిల్లిపాది గిన్నెలూ తోమిన వేళ్లకి గీతలెక్కడ మిగులుతాయి? ఇంకోసారి విచిటా నగరానికి రమ్మన్నారు, సరిగ్గా పద్నాలుగో తారీఖున. అమ్మా నాన్నా సాయంత్రం తిరిగొచ్చి, ఈసారి పడ్డాయని వేళ్లు చూపించుకుంటూ సంబరపడ్డారు. ఆ రోజేమిటో ఎవరికీ గుర్తు రాలేదు. డెస్సా కూడా గుర్తు చెయ్యలేదు. అడిగి చేయించుకునే కేకు ఏం కేకు?

ఫ్రిజ్ మీద తన ఫోటో సగం కనపడకుండా వాడి ఫోటో అంటించారు. అమ్మ గిన్నెలు తోముతూ చెవిలో పాఠాలు పెట్టుకుని బల్గేరియన్ నేర్చుకుంటోంది. నా కోసం ఎందుకు నేర్చుకోలేదని డెస్సా ఒకసారి అడిగేసింది. అప్పుడు మాకు తెలీలేదమ్మా, పిల్ల తనే ఇంగ్లీషు నేర్చుకుంటుందిలే అనుకున్నాం, తప్పు చేశాం అంది అమ్మ. అంటే తప్పులన్నీ తన మీద చేసి, ఒప్పులన్నీ వాడికి దాచిపెట్టారన్నమాట. డెస్సాకి ఆ భాష ఒక్క ముక్క కూడా గుర్తులేదు. అది మరీ కడుపుమంట.

అక్టోబరు మొదటి వారంలో కుర్చీ తేలికైంది.

మొదటి రోజు తనకే బలం వచ్చిందనుకుంది. కానీ తన కుర్చీ ఎప్పట్లాగే ఉంది. రెండో రోజు ఇంకొంచెం తేలిక. అయిదో రోజుకి ఓక్ కుర్చీ ఒక చేత్తో లేచింది. పిల్లాడు అక్కడ చిక్కిపోతున్నాడని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు, ఆ ఇంట్లో రెండేళ్ల పిల్లయినా చెప్పగలదు. అనాథాశ్రమం నుంచి ఉత్తరం నెలకొకటే వస్తుంది, వచ్చి వారమే అయింది. దత్తతకి కోర్టు తారీఖు ఎప్పుడిస్తుందో తెలీదు. ఇప్పుడు సంగతి తెలిసింది డెస్సా ఒక్కదానికే, ఆమె మోస్తోంది కనుక.

ఆమె చెప్పలేదు. పైగా మెట్ల మీద రొప్పడం మొదలుపెట్టింది. నాలుగు మెట్లకోసారి ఆగి, కుర్చీ దించి, నడుం పట్టుకునేది. ఏదో ఒక రోజు అది మామూలు చెక్కైపోతుంది, అప్పుడు మళ్లీ తనొక్కతే అవుతుంది. అంతవరకే ఆలోచించింది. ఆ తర్వాతది ఆలోచించబుద్ధి కాలేదు.

ఆ ఇంట్లో కిటికీలో ఒక సీసా ఉంటుంది. ఎవరైనా కష్టమైన పనిని సణక్కుండా చేసి దేవుడికి అర్పిస్తే అందులో ఒక చిక్కుడు గింజ వేస్తారు. డెస్సా రొప్పు విన్నప్పుడల్లా అమ్మ ఆమె తల నిమిరి, ఆ కష్టం తమ్ముడి కోసం అర్పించు తల్లీ అని, తనే ఒక గింజ వేసేది. గింజలు పెరుగుతున్నకొద్దీ పిల్లాడు తరుగుతున్నాడు. అమ్మ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ డెస్సాకి హాయిగా ఉండేది, తీయగానే సీసా వైపు చూడకుండా వెళ్లిపోయేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం, అందరూ పైకెళ్లిపోయారనుకుని, ఓక్ కుర్చీని చిటికెన వేలికి తగిలించుకుని మెట్లెక్కింది. పైమెట్టు మీద అంబ్రోస్ నిలబడి ఉన్నాడు. పదిహేడేళ్లవాడు, అందరిలోకి పెద్ద. వేలికి వేలాడుతున్న కుర్చీని చూశాడు. భోజనాలయ్యాక వ్యాన్ కడగడానికి సాయం రమ్మని పిలిచాడు.

డెస్సాకి ఎడమ చెవి వినపడదు. అంబ్రోస్ ఎప్పుడూ ఆమెకి కుడివైపు వచ్చే మాట్లాడతాడు. ఇప్పుడూ అలాగే వచ్చి, గొట్టం కట్టేసి అడిగాడు.

"ఎన్నాళ్లైంది?"

"పన్నెండు రోజులు. చెప్తావా అమ్మకి?"

"నేను చెప్పను." తడిచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నీ కుర్చీ మోసింది ఎవరో తెలుసా?"

తెలీదు. తనకీ ఒక కుర్చీ ఉండి ఉంటుందని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

"నేనే. అప్పుడు నాకు పదేళ్లు. అమ్మ పొద్దస్తమానం నీ ఫోటోనే చూసుకునేది. ఓ వారం నువ్వు తేలికవడం మొదలుపెట్టావు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పంతొమ్మిది రోజులు నోరెత్తలేదు."

డెస్సా బకెట్టు పట్టుకుని ఇంకొంచెం దగ్గరికొచ్చింది.

"తర్వాత అక్కడి డాక్టరే చూశాడు. చెవిలో చీము పట్టి జ్వరమట. రెండు వారాల ముందు చూపిస్తే చెవి దక్కేదని రాశాడు. ఆ ఉత్తరం నా ముందే చదివారు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, చర్చిలో ఫాదర్‌కి కూడా."

ఇన్నాళ్లూ అంబ్రోస్ మంచివాడు కాబట్టి కుడివైపుకొచ్చి మాట్లాడతాడనుకుంది. చేతిలో ఉన్న సబ్బునీళ్ల బకెట్టు వాడి మీద కుమ్మరించింది. వాడు కదలకుండా తడిశాడు. అంత కోపంలోనూ ఆమెకి ఒకటి తట్టింది. వాడివి పంతొమ్మిది, తనవి పన్నెండు. తేడా ఏడు రోజులే.

అమ్మ వంటింట్లో క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు చుడుతోంది. డెస్సా కుర్చీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. "ఎత్తి చూడు" అంది.

పిండి చేత్తో అమ్మ ఎత్తింది. కుర్చీ గాలిలోకి లేచిపోయింది, బరువుంటుందనుకుని బలంగా ఎత్తింది కదా. అమ్మ మొహం తెల్లబోయింది. ఎప్పట్నుంచి అని కూడా అడగలేదు. డెస్సాని తోసుకుంటూ ఫోన్ దగ్గరికి పరిగెత్తింది. ఆ నిమిషంలో కూడా, చెప్పొద్దూ, డెస్సాకి అసూయే. తన కోసం ఇలా ఎవరూ పరిగెత్తలేదు.

దత్తత ఆఫీసు వాళ్లు కుర్చీ మాట వినగానే ఇంకో ప్రశ్న వెయ్యకుండా అక్కడికి ఫోన్ చేశారు. అజీర్తి అనుకుంటున్నారట, పేగు మడతపడింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడని మర్నాడు కబురొచ్చింది. ఒంట్లో బాగోలేని పిల్లాడని కోర్టు కూడా తారీఖు తొందరగా ఇచ్చింది.

కబురు విన్నాక అమ్మ కుర్చీలో కూలబడి అప్పుడడిగింది. డెస్సా అంతా చెప్పేసింది, రొప్పడంతో సహా. అంబ్రోస్ మాట మాత్రం ఎత్తలేదు. అది వాడు చెప్పుకోవాల్సింది.

"శనివారం ఫాదర్ దగ్గర తప్పులు చెప్పుకుందాం, పాపసంకీర్తనానికి వెళ్దాం. ఇద్దరం," అంది అమ్మ. "సెప్టెంబరు పద్నాలుగు నాకూ మొన్ననే గుర్తొచ్చింది. నీతో చెప్పడానికి మొహం చెల్లలేదు."

శనివారం చర్చి వరసలో వాళ్ల వెనక అంబ్రోస్ కూడా నిలబడ్డాడు. ఆ సాయంత్రం గ్యారేజీలో అమ్మతో ఏదో మాట్లాడాడు. అమ్మ ఎర్రబడ్డ కళ్లతో లోపలికొచ్చి, డెస్సా ఎడమ చెవి పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

కలోయన్ జనవరిలో వచ్చాడు. వాడు గుమ్మంలో అడుగుపెట్టగానే ఓక్ కుర్చీ మామూలు కుర్చీ అయిపోయింది. వాడు మాత్రం మాట్లాడడు. మూడు రోజులైనా నోరు విప్పలేదు, ఏడవను కూడా లేదు. అమ్మ ఏడాది పాటు నేర్చుకున్న బల్గేరియన్ అంతా వాడి ముందు కుమ్మరిస్తే, ఇదేం గోలన్నట్టు చూశాడు. డాక్టరు భయపడాల్సిందేం లేదన్నాడు కానీ అమ్మ భయపడుతూనే ఉంది. ఇల్లంతా వాడి చుట్టూ గుసగుసగా తిరుగుతుంటే డెస్సా మొహం మాడ్చుకుని తిరిగింది. వాడు బతికినందుకు సంతోషమే. అంతమాత్రాన కుళ్లు పోతుందా?

నాలుగో రోజు పొద్దున జావ దగ్గర వాడు ఓక్ కుర్చీ వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా వెళ్లి డెస్సా కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. పోనీలే, చిన్నవాడు కదా అన్నారందరూ.

డెస్సా వెనక నుంచి కుర్చీ పట్టుకుని లాగింది. "మోయె" అంది.

ఆ మాట తన నోట్లోకి ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకి తెలీదు. నాది అని దానర్థం. ఏ గదిలో, ఎవరితో, ఏ బొమ్మ కోసం కొట్లాడుతూ అనేదో, ఏడేళ్లూ ఎక్కడ దాక్కుందో ఏమో.

వాడు గిర్రున తిరిగాడు. ఆమె మొహంలోకి చూశాడు. కుర్చీ వీపుని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"మోయె" అన్నాడు.

"మోయె."

"మోయె!"

ఇద్దర్నీ విడదియ్యడానికి లేచిన అమ్మ నడి గదిలో ఆగిపోయి, చేత్తో నోరు మూసుకుంది. వాడు కాళ్లతో తంతున్నాడు, కేకలేస్తున్నాడు, ఆ మాట వెనకే ఎవరికీ తెలియని మాటలు ఇంకో పది దొర్లుకొస్తున్నాయి. డెస్సాకి నిజంగానే కోపంగా ఉంది, కుర్చీ నిజంగానే కావాలి. కానీ ఇప్పుడు తను వదిలేస్తే వాడు మళ్లీ నోరు మూసుకుంటాడేమోనని, ఇంకా గట్టిగా లాగుతూనే ఉంది.