బూజు తుడిచిన అవ్వ

మా అవ్వ సరసమ్మకు బూజంటే పగ. అది తెలిసి కూడా నేను ఆయుధపూజ సెలవులకు వెల్లూరు కాలేజీ నుంచి రెండు గాజు పళ్ళేల నిండా బూజును గుడియాత్తంలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

నా పరిశోధన ఆ బూజు మీదే. కుళ్ళిన మొక్కజొన్న దంట్ల మీద పెరిగే రకం. దాని దారాలు ముడిపడి ఆవగింజకన్నా చిన్న నల్లటి కుండలు కట్టాలి. కుండలో సంచులు, ఒక్కో సంచిలో ఎనిమిది బీజాలు. రెండేళ్ళుగా అది తెల్లగా, దూదిలా పెరుగుతూనే ఉంది. ఒక్క కుండా కట్టలేదు. ఈసారీ కట్టకపోతే వేరే అంశం చూసుకోమని మా గైడు పూర్ణచంద్ర సార్ చెప్పేశారు.

పూజనాటి ఉదయం స్నానం చేసి వచ్చేసరికి ఆ పళ్ళేలు నా పుస్తకాలతో పాటు సరస్వతి పటం ముందున్నాయి. మూతలకు గంధం, కుంకుమ. లోపల దూది అంతా తడిగా అణిగిపోయి ఉంది.

"పూంజాణం పట్టిండాదమ్మా. సామి ముందర అట్లే పెడతారా? తడిగుడ్డతో తుడిచినా," అంది అవ్వ. బూజును ఆమె పూంజాణమనే అంటుంది.

నాకు ఒళ్ళు మండింది. "అక్షరం ముక్క రాదు, నా చదువు మీద చెయ్యెందుకు పెడతావు?" అని అరిచాను. పూజలో పెట్టినవి మర్నాటిదాకా ముట్టకూడదు. ఆ తర్వాత పారేయడానికి మనసొప్పక కిటికీ గట్టున పెట్టాను.

ఆరో రోజుకు ఒకదానికి పచ్చబూజు పట్టింది. రెండోదాంట్లో నల్లటి చుక్కలు. భూతద్దం పెట్టి చూశాను, కుండలే! వెల్లూరు బాగాయంలో ఉన్న సార్‌కు వెంటనే ఫోన్ చేసి, అవ్వ తుడిచిన సంగతి చెప్పాను.

"కొన్ని రకాలకు పైదూదిని తడిపి అణచాలని చదివినా. మనదానికీ అదేనని తట్టలేదమ్మా. ఎట్లా చేసినారో అట్లే మళ్ళీ చేసి, రాసుకో," అన్నారు.

ఎట్లా చేసిందో నాకేం తెలుసు? మర్నాడు కాలేజీ నుంచి ఇంకో పళ్ళెం తెచ్చి అవ్వ ముందు కూర్చున్నాను.

"తప్పుగా మాట్లాడినా అవ్వా. ఆ పొద్దు ఎట్లా తుడిచినావో చూపించు. నీ పేరు కూడా రాస్తా."

అవ్వ చేతులు కడుక్కుంది. గుడ్డను తడిపి, గట్టిగా పిండి, పసిబిడ్డ తల తుడిచినట్టు నడుమ నుంచి అంచుకు మెల్లగా ఒత్తుకుంటూ పోయింది.

"రాస్తే నాకేం తెలుస్తాది? చదివి వినిపిస్తావా?" అంది తలెత్తకుండా.

"వినిపిస్తా," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"అయితే రాయి. ముందర మా నాయన ఇనిషియల్ పెట్టేది మర్సిపోవాకు."