షెడ్డులో అమ్మోరు

ఒక మాట ముందే ఒప్పేసుకుంటాను. నాకు దేవుడంటే పెద్ద భయం లేదు. ఇంటి ఓనరంటే ఉంది. జంషెడ్‌పూర్‌లో లేత్ మిషను పెట్టుకోవడానికి షెడ్డు వెతికి చూడండి, మీకూ వస్తుంది.

ఐటీఐలో, లేత్ మీద ఇనుము తిప్పి చెక్కే టర్నర్ ట్రేడు చేశాను. బ్యాచ్ మొత్తానికి ఆడపిల్లని నేనొక్కదాన్నే. సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం రాలేదు. మా నాన్న ఆదిబాబు రిటైరైనప్పుడు, ఆదిత్యపూర్‌లో మూతపడిన ఒక వర్క్‌షాపులోంచి పాత లేత్ కొనిచ్చాడు. "ఆళ్లు ఉజ్జోగం ఇవ్వకపోతే మానీ. నువ్వే సేసుకో వసంతా" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి బారిడీహ్‌లో రెండు గదుల అద్దె ఇంట్లోకి మారాం. లేత్ పెరట్లో టార్పాలిన్ కింద మిగిలిపోయింది.

అది ఎనభై మూడు, మే నెల. వానలు పడేలోపు దాని నెత్తిన కప్పు లేకపోతే బెడ్డు, అంటే ఇనుము కోసే టూలు ముందుకీ వెనక్కీ జారే పట్టాలు, తుప్పు పట్టేస్తాయి. ఆ తర్వాత ఏం తిప్పినా సూటిగా రాదు. పొద్దున్నే గ్రీజు రాయడం, ఆకాశం చూడడం, షెడ్డు వెతకడానికి బయల్దేరడం. ఇదీ నా ఉద్యోగం.

సిద్ధగోరాలో ఒకాయన గరాజు ఖాళీగా ఉంది. అన్నీ మాట్లాడుకున్నాక "మిస్త్రీ కౌన్ హై?" అన్నాడు, మిషను నడిపేదెవరని. నేనే అన్నాను. నా వెనకాల ఎవరైనా ఉన్నారేమో అని తొంగి చూశాడు. తర్వాత వాళ్లావిడకి చప్పుడు పడదన్నాడు. గరాజు పక్కనే పిండిమర ఆడుతోంది. ఆ చప్పుడు ఆవిడకి పడుతుంది కాబోలు. ఆదిత్యపూర్‌లో అసలైన షెడ్లే ఉన్నాయి, కరెంటుతో సహా. వాళ్లడిగిన అడ్వాన్సు విని నాన్న నవ్వాడు. ఇక అటువైపు వెళ్లలేదు.

చివరికి పర్సుడీహ్‌లో, రైలు పట్టాల వారన దొరికింది. ఓనరు చిలకమ్మ, మా విజయనగరం వైపు మనిషే. ఆవిడ మొగుడు ఆ షెడ్డులో రేకు పెట్టెలూ బక్కెట్లూ చేసేవాడట, పోయాడు. గూడ్సు బళ్ల మోతలో నా లేత్ గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. మిషనుకి కావలసిన త్రీ ఫేజ్ కరెంటు లైను ఉంది. అద్దె మేం ఇచ్చుకోగలిగినంతే.

"ఆడగుంట మిషను నడుపుతాదా?" అంది చిలకమ్మ.

"నడుపుతాను అత్తా."

"నడుపు. నాను రేకులు కొట్టలేదేటి? మీ మావకన్నా నానే బాగా కొట్టేదాన్ని."

ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు, మంచిదే అయింది. ఆవిడ నన్ను షెడ్డు మూలకి తీసుకెళ్లింది. ఇటుకల గూట్లో పసుపు రాసిన ఘటం, వేపరెమ్మలు. ఊరి నుంచి మొగుడు నెత్తిన పెట్టుకుని తెచ్చిన అమ్మవారట.

"నెలకి మూడ్రోజులు, నువ్వు దూరంగా ఉన్నప్పుడు, ఈ గడప తొక్కకు. అమ్మోరు ఊరుకోదు. నానూ తొక్కీదాన్ని కాదు."

"అమ్మవారూ ఆడదే కదా అత్తా."

"అందుకే తెలిసిపోతాది" అంది.

మూడు రోజులు సెలవే కదా అనుకున్నాను. కంపెనీ వాళ్లకి వారం వారం ఉంటుంది, నాకు నెలకోసారి కలిపి ఇస్తున్నారు. అప్పటికే మబ్బులు కమ్ముతున్నాయి. ఒప్పేసుకున్నాను.

లేత్‌ని లారీలోంచి దింపి, బోల్టులు బిగించి, లెవెల్ చూసి, మొదటి షాఫ్టు తిప్పుతుండగా వాన అందుకుంది. పైన రేకుల మీద వాన, కింద నా మిషను. అలాంటి మధ్యాహ్నం నాకు మళ్లీ రాలేదు.

నేను ఆలోచించనిది ఒకటుంది. షట్టర్ దించితే వీధి మొత్తానికి కనిపిస్తుంది. జులైకల్లా టీ కొట్టు బెంచీ మీద వాళ్లందరికీ సంగతి అర్థమైపోయింది. పంపు షాఫ్టులు తెచ్చే కాంట్రాక్టరు బలరామ్ "శనివారానికి కావాలి బెహన్‌జీ. ఆలోపు మీ సెలవు రాదు కదా?" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. బలరామ్ నవ్వలేదు, అతనికి నిజంగానే తారీకు కావాలి. అందుకే ఇంకా మండింది.

బోర్డు రాయించాను: ప్రతి నెలా ఒకటి, రెండు, మూడు తారీకులు సెలవు. ఆ మూడు రోజులూ ఇంట్లో. మిగతా రోజులు నా ఒంటి సంగతి నాది, పని సంగతి పనిది. ఆగస్టు గడిచింది. అమ్మవారు ఏమీ అనలేదు. సెప్టెంబరులో నేను షట్టర్ ఎత్తుతుంటే చిలకమ్మ అంది.

"ఏటే గుంటా, నీకు నెల నెలా ఒకటో తారీకే వత్తాదేటి? జీతం లాగ?"

అబద్ధం నోట్లోకి వచ్చేసింది కూడా. చెప్పబుద్ధి కాలేదు. "రాదు అత్తా" అన్నాను.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. "నా మనవరాలికి ఒల్లంతా పొక్కులెందుకు పోసాయో ఇప్పుడు తెలిసింది" అంది. ఆ వీధిలో సగం మంది పిల్లలకి ఆటలమ్మ పోసింది. ఆ మాటే అన్నాను. సగం వీధికీ నువ్వే కారణం అన్నట్టు చూసింది.

మర్నాడు నాన్నా, మా అక్క మొగుడు పోలరాజూ, నేనూ ఆవిడ ముందు నిలబడ్డాం. బావకి కాంట్రాక్టు పని పోయి ఖాళీగా ఉన్నాడు. లేత్ బిగించిన రోజు స్పానర్లు అందించాడు. మిషనుతో అతని పరిచయం అంతే.

"ఈ వానల్లో మిషను ఎక్కడికి మోసుకెల్తాం సెల్లెమ్మా?" అన్నాడు నాన్న.

"మిషను ఉండనీ. ఇనుముకి మైలేటి? మగోణ్ణెవుణ్ణైనా ఎట్టుకోండి. గుంట మాత్రం వద్దు."

"మా పోలరాజున్నాడు కదా."

ఇంత తొందరగా నాన్న దేన్నీ తేల్చగా నేను చూడలేదు.

"బావకి మైక్రోమీటరులో కొలత చూడ్డం రాదు నాన్నా."

"నువ్వు నేర్పీ, ఇంటికాడ."

"మిషను లేకుండానా?"

"కాయితం మీద గీసి సెప్పు. సదుంకున్నావు కదేటి."

"ఇందులో ఏటుంది మావా, తిప్పడమే కదా" అన్నాడు బావ.

బయట వాన. పెరట్లో టార్పాలిన్ ఎప్పుడో చిరిగిపోయింది. మిషను ఊడదీయించి వాన్లోకి లాగించొచ్చు, నాదే కదా. బెడ్డు కళ్లముందు కదిలింది. తాళంచెవి బావ చేతిలో పెట్టాను. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని డ్రాయింగులు గీస్తున్నాను. బావ తెచ్చిన ముక్కలు కొలుస్తాను, చాలావాటిని తుక్కులో పడేస్తాను. బలరామ్ రావడం మానేశాడు. మొన్న పర్సుడీహ్ బజారుకి వెళ్లి, కాళ్లు ఊరుకోక షెడ్డున్న సందులోకి తిరిగాను. లోపల్నుంచి కిర్రుమని టూలు వణుకుతున్న చప్పుడు. బావ దాన్ని సెంటరుకి, అంటే తిరిగే ముక్క నడిమధ్యకి, కింద బిగించాడు. టూలు కింద పల్చటి రేకు ముక్క పెడితే ఆగిపోతుంది.

గడప అవతల నుంచి అరిచాను. అతనికి వినపడలేదు. గుమ్మంలో కూర్చున్న చిలకమ్మకి వినపడింది.

"కాస్త లోపలికెళ్లి చెప్పు అత్తా. టూలు కింద రేకు పెట్టమను."

ఆవిడ లేచి వెళ్లింది. చప్పుడు ఆగలేదు. తిరిగొచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఆడోల్లకి ఏటి తెలుత్తాది అంతన్నాడే" అంది.

ఆవిడ గడప మీద, నేను వీధిలో. కాసేపు ఇద్దరం ఆ చప్పుడు విన్నాం.

మీరూ ఎప్పుడో ఒకప్పుడు అద్దెకి చోటు వెతికే ఉంటారు. దొరికితే నాకు రాయండి. ఎక్కడ దొరికిందో వద్దు. లోపల ఎవరున్నారో, బయట ఎవరు నిలబడ్డారో రాయండి.